లెన్సులో బూజు

పోస్టు కొంచెం పొడుగే. కెమెరా ఉన్నోళ్లు, కాలనీలో పెద్దోళ్ల ఫొటోలు తీసి దాచుదామనుకునేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మేము పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాం.

మేము నలుగురం. కోడూరు, నాగాయలంక వైపు యానాది కాలనీల పిల్లలం, ఒకే హాస్టల్లో ఉంటాం. 2023 ఎండాకాలంలో రొయ్యల చెరువుల మీద పనికెళ్లి, ఆ డబ్బులు కలిపి సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి కొన్నాం. ఎందుకంటే మా ఇళ్లల్లో పాత ఫొటోలు లేవు. 1977 నవంబరు 19 ఉప్పెనకి దివిసీమలో మనుషులే కొట్టుకుపోయారు, ఇంక ఫొటోలెక్కడ మిగుల్తాయి? అసలు అప్పటికి ఫొటో దిగిన యానాదులు ఎంతమంది? థర్‌స్టన్ అనే దొర 1909లో అచ్చేసిన పుస్తకంలో యానాదుల మీద పెద్ద భాగమే ఉంది. కానీ అది మనల్ని చూసి వేరేవాళ్లు రాసుకున్నది. మనోళ్లని మనమే, పేరూ ఊరూ రాసి మరీ ఫొటో తీయాలని మా పట్టుదల.

జూన్, జులైలో పదకొండు మందిని తీశాం. వానలు ముదిరాక భయమేసింది. కెమెరాని రెక్సిన్ బ్యాగులో పెట్టి, బ్యాగుకి ప్లాస్టిక్ కవరు చుట్టి, ట్రంకు పెట్టె అడుగున దుప్పట్ల కింద దాచి తాళం వేశాం. ఎంత జాగ్రత్తో అనుకున్నాం! డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారమంతా హాస్టల్లో ఆరేసిన బట్టలు ఆరలేదు, గోడలకి చెమ్మ. పెట్టె మాత్రం తెరవలేదు. తర్వాత పరీక్షలు, సంక్రాంతి.

2024 ఫిబ్రవరిలో మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లాం. వేణుగోపాలస్వామి ఉత్సవం, సాగర సంగమం దగ్గర జనమంతా సముద్ర స్నానాలు. మాలో ఒకడి నాయనమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడింది, వెనకాల సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు. టపటపా పాతిక తీశాం. అన్నీ మజ్జిగ పోసినట్టు తెల్లగా వచ్చాయి. ముఖమే లేదు. లెన్సుకి ఒకవైపు నుంచి సెల్ టార్చి కొట్టి రెండోవైపు నుంచి చూస్తే, లోపలి అద్దం మీద సాలీడు పోగుల్లాంటివి పాకి ఉన్నాయి.

విజయవాడలో రిపేరు చేసే ఆయన చూడగానే ఫంగస్ అన్నాడు. బూజు విత్తులు గాలిలో ఎప్పుడూ ఉంటాయట. గాలిలో తేమ 60 శాతం దాటి, చీకటై, గాలి ఆడకపోతే అద్దం మీద దుమ్ము, జిడ్డు తిని పెరుగుతాయి. వాటినుంచి వచ్చే యాసిడ్ అద్దం మీది పూతని తినేస్తుంది. బూజు తుడిచినా ఆ మచ్చ పోదు. మన తీరంలో ఇంకో బాధ, ఉప్పు గాలి. ఉప్పు నీళ్లని లాక్కుంటుంది కదా.

నాయనమ్మకి చెప్తే నవ్వింది. "పచ్చి ఆరకుండా డబ్బాలో వేసి మూత పెడితే ఎండుచేప ఏమవుద్దిరా?" అంది. అంతే! మేము చెమ్మని కూడా లోపలే పెట్టి తాళం వేశాం.

ఇప్పుడేం చేస్తున్నామంటే, మూతకి రబ్బరు ఉన్న ప్లాస్టిక్ డబ్బా కొన్నాం. ఎలక్ట్రానిక్ డ్రై క్యాబినెట్ మన వల్ల అయ్యేది కాదు. డబ్బాలో సిలికా జెల్, తేమ శాతం చూపించే చిన్న మీటరు వేశాం. 40 నుంచి 50 మధ్య ఉంచుతున్నాం. మరీ 30 లోపుకి పోతే రబ్బరు, లోపలి గ్రీజు ఎండిపోతాయంటారు. చెప్పుల డబ్బాల్లో దొరికే పొట్లాలు ఏరి వేస్తే మొదట్లో మీటరు కదల్లేదు, అవి అప్పటికే తేమ తాగేసి ఉన్నాయి. అందుకే రంగు మారే గుళికలు తెచ్చాం. నారింజ రంగువి తేమ పడితే ఆకుపచ్చగా అవుతాయి. పాత మూకుట్లో సన్న మంట మీద వేడి చేస్తే మళ్లీ రంగు తిరుగుతుంది. చల్లారాకే డబ్బాలో వెయ్యాలి. నీలం గుళికల్లో కోబాల్టు విషం ఉంటుంది, వాటి జోలికి పోకండి. ఏ రంగువైనా వండుకునే గిన్నెలో మాత్రం వద్దు. కెమెరాని బియ్యంలో కూడా పెట్టకండి, ఆ పిండి దుమ్మే బూజుకి మేత.

సముద్రం దగ్గర నుంచి రాగానే కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో పైన ఉప్పు తుడిచి, ఆరబెట్టి, అప్పుడే మూత. బ్యాటరీ వేరుగా. బ్యాగు డబ్బాలో పెట్టం, అది చెమ్మ పట్టి ఉంచుతుంది. వారానికోసారి బయటికి తీసి ఏదో ఒకటి తీస్తాం. హాస్టల్లో పిల్లి ఫొటోలే వంద ఉన్నాయి. మడ అడవిలో బావురు పిల్లుల కోసం చెట్లకి కెమెరా ట్రాపులు కట్టడం విన్నారుగా. అలాంటి వాటిలో కూడా సిలికా జెల్ పొట్లం వేస్తారు.

పదకొండు మందిలో ఒక తాత ఆ తుఫాను నెలలోనే పోయాడు. జూన్‌లో తీసిన ఆయన ఫొటో బాగుంది, అప్పటికి బూజు లేదు. ప్రింటు తీయించి ఇంటికిచ్చాం. ఫ్రేము అద్దానికి ఫొటో తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించాం. వేరే ఇంట్లో ఒక పెళ్లి ఫొటో చెమ్మకి అద్దానికే అతుక్కుపోయింది. దాన్ని లాగితే ముఖం చిరుగుతుంది. అందుకని అద్దంతో సహా, ఫ్లాష్ లేకుండా, పక్క వెలుతుర్లో ఫొటో తీశాం.

కొత్త లెన్సుకి డబ్బుల్లేవు. పాతదాన్నే వాడుతున్నాం. సూర్యుడు మన వీపు వైపుంటే మచ్చ అంతగా తెలియదు. 2025 మాఘ పౌర్ణమికి నాయనమ్మని మళ్లీ హంసలదీవి తీసుకెళ్లి, ఎండ ముఖాన పడేట్టు నిలబెట్టాం. కళ్లల్లో ఎండ కొడతందని తిట్టింది. ఫొటోలో కళ్లు మూసుకునే ఉంది. కానీ ముఖం మీద ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు.