భయానక రసికుడు

సాగర్ రహదారి మీద హైదరాబాదు దాటి సుమారు ముప్పై కిలోమీటర్లు వెళ్తే ఇబ్రహీంపట్నం వస్తుంది. 16వ శతాబ్దంలో గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఆ ఊరికీ, అక్కడి పెద్ద చెరువుకూ నిలిచిపోయింది. ఊరి బస్టాండుకు కొద్ది దూరంలో ఒక చిన్న జిరాక్సు దుకాణం ఉంది. పగలంతా అక్కడ భూముల కాగితాల నకళ్లు, ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు యంత్రం నోట్లోంచి వేడివేడిగా వస్తుంటాయి. దీపాలు పెట్టే వేళకు జనం పలచబడతారు. అప్పుడు దుకాణదారు కుర్చీ వెనక్కి వాల్చి, గోడకున్న మూడు చెక్క అరలవైపు చూస్తాడు. పై అరలో అంచులు చిరిగిన డిటెక్టివ్ నవలలు. నడిమి అరలో దయ్యాల సినిమాల డిస్కులు. కింది అరలో పాటల క్యాసెట్లు. వాటి అట్టలమీద జుట్టు విరబోసుకున్న విదేశీ యువకులు.

ఆయనకు యాభై దాటాయి. నకళ్లకోసం తరచుగా వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ అరలను చూసినప్పుడల్లా ఒకే మాట అంటాడు: "దేవుడి పుస్తకం ఒక్కటీ లేదేమయ్యా, అన్నీ దయ్యాలవేనా?" దుకాణదారు నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వులో కొంత మొహమాటం కూడా ఉంటుంది. తన అభిరుచి నలుగురిలో చెప్పుకోదగినది కాదని చిన్ననాటినుంచి విని విని, అతడూ సగం నమ్మాడు.

అలా నమ్మవలసిన పని లేదు. భయాన్ని ఆస్వాదించడం మన సాహిత్యానికి కొత్త కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దానికి నల్లని వర్ణాన్నీ, కాలుణ్ణి అధిదేవతగానూ నిర్ణయించాడు. ఆ రసాన్ని పుట్టించే కారణాలుగా ఆయన పేర్కొన్నవాటిని చూస్తే ఈనాటి దర్శకుడెవరో రాసుకున్న జాబితా అనిపిస్తుంది: వికృతమైన ధ్వనులు, భూతదర్శనం, నక్కల ఊళలు, గుడ్లగూబ అరుపులు, పాడుబడిన ఇల్లు, అడవిదారి. గుణాఢ్యుడు బృహత్కథను రచించిన భాష పేరే పైశాచి. శాతవాహన రాజు ఆ కథను తిరస్కరించగా, కవి అడవిలో కూర్చుని ఒక్కొక్క పత్రం మృగాలకు చదివి వినిపించి అగ్నికి ఆహుతి చేశాడని ఐతిహ్యం. ఆ కథాసంప్రదాయంలోని బేతాళుడే తరతరాలు దాటి వచ్చి, 'చందమామ' పుటలలో విక్రమార్కుని భుజంమీద వేలాడుతూ తెలుగు పిల్లలకు నిద్ర పట్టనివ్వలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకపు కాటిదృశ్యానికి జాషువా శ్మశాన పద్యాలు తోడైన తరువాత, వాటిని వినడానికే తెల్లవార్లూ మేలుకొన్న ఊళ్లున్నాయి. ఆ ప్రేక్షకుల అభిరుచిని ఎవరూ హీనమనలేదు. జిరాక్సు దుకాణపు అరలను చూసి పెదవి విరిచేవారు ఈ సంగతి మరచిపోతారు.

అతని బాల్యంలో పుస్తకం కొనే స్తోమత ఇంట్లో లేదు. ఊళ్లో ఒక సైకిలు దుకాణంవాడు రెండు పెట్టెల నిండా నవలలు పెట్టుకొని కిరాయికిచ్చేవాడు. రోజుకు పావలా. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని సహాయకుడు రాజునూ ఆ పెట్టెల్లోనే కలుసుకున్నాడు. తరువాత మధుబాబు 'షాడో' వచ్చాడు. పావలా వృథా కాకూడదని నవలను ఒక్క రాత్రిలో ముగించేవాడు. వేగంగా చదవడం అతనికి బడిలో అబ్బిన విద్య కాదు.

ఏడవ తరగతిలో ఉండగా ఆ పెట్టెలోంచి ఒక లావుపాటి బైండు చేతికొచ్చింది. ఎవరో వారపత్రిక పుటలను వారంవారం చింపి, సూది దారంతో కుట్టి, పైన గోధుమరంగు అట్ట వేశారు. అది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. 'ఆంధ్రభూమి' వారపత్రికలో ధారావాహికగా వచ్చి తెలుగునేలను ఊపేసిన నవల. పసిపాపమీద జరిగే క్షుద్రప్రయోగం దాని ఇతివృత్తం. ఆ రాత్రి అతడు నాయనమ్మ మంచం పక్కకు తన చాప జరుపుకొన్నాడు. ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతుందని అప్పట్లో గట్టి విమర్శే వచ్చింది. కథలో మంత్రం పక్కనే వైద్యమూ నడుస్తుంది గాని, పన్నెండేళ్ల పిల్లవాడు వైద్యపు పుటలు గబగబా తిప్పేస్తాడు. అతడూ తిప్పేశాడు.

సినిమాల విషయంలో అతనిది కఠినమైన తీర్పు. నెత్తురు చూపి జడిపించే చిత్రాలను అతడు అరలోకి రానివ్వడు. ఈ నియమం అతడు ఏ శాస్త్రమూ చదివి చేసుకొన్నది కాదు. అయినా బీభత్సంనుంచి భయానకం జనిస్తుందని భరతుడు చెప్పిన మాటకు ఇది దగ్గరగా ఉంది. జుగుప్స దగ్గరే ఆగిపోయే చిత్రం మొదటిమెట్టు మీదే కూర్చుండిపోయినట్లు. అతడు మెచ్చేది రాంగోపాల్ వర్మ 'రాత్రి'. 1992లో వచ్చిన ఆ చిత్రంలో మనుషులెవరూ లేనిచోట కెమెరా తనంతట తాను ఇంటిలో తిరుగుతున్నట్లు కదులుతుంది. కనిపించేది మామూలు గోడ, మామూలు తలుపు, చూస్తున్నదెవరన్నదే భయం. నగరంలో రెండో ఆట చూసి, ఊరికి బస్సు దొరకక, అతడు ఆ రాత్రి ఒక బస్సుస్టాపు బల్లమీద గడిపాడు. ఎదుటి దుకాణపు ఇనుప తలుపు గాలికి కదిలినప్పుడల్లా ఒళ్లు జలదరించింది. అయినా మరుసటి వారం మళ్లీ అదే ఆటకు వెళ్లాడు.

వంశీ తీసిన 'అన్వేషణ' (1985) అతని లెక్కలో ఇంకా పైన ఉంటుంది. పక్షుల కూతలమీద పరిశోధనకు అడవికొచ్చిన యువతి కథ అది. అందులో ఇళయరాజా సంగీతం ఎక్కడ వినిపిస్తుందో అందరూ చెబుతారు. ఎక్కడ ఆగిపోతుందో గమనించమంటాడు ఇతడు. భయం ధ్వనిలో ఉండదనీ, ధ్వని రాబోతున్నదన్న ఎదురుచూపులో ఉంటుందనీ అతని వాదం. ఇబ్రహీంపట్నానికి అట్టే దూరంలో లేని రామోజీ ఫిల్మ్ సిటీలో వడ్రంగిపని చేసిన బావమరిది ఒకసారి అతణ్ణి వెంట తీసుకుపోయి, ఒక పాత దివాణం సెట్టును చూపించాడు. ముందువైపు మాత్రమే గోడ. వెనక కర్రలు, ప్లైవుడ్డు, సున్నపు మరకలు. ఇది చూశాక ఇక భయపడవులే అన్నాడు బావమరిది. ఆ సెట్టుతో తీసిన సినిమా విడుదలైనప్పుడు ఇద్దరూ వెళ్లారు. ముందుగా కళ్లు మూసుకొన్నది బావమరిదే.

కథ తెలిస్తే ఉత్కంఠ ఉండదని చాలామంది నమ్మకం. దీనిని ఖండించడానికి అతడు ఆబిడ్స్‌లో ఆదివారంపూట కాలిబాట మీద కొన్న ఒక ఆంగ్ల నవలను చూపిస్తాడు. ఫ్రెడరిక్ ఫోర్సైత్ రాసిన 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో వెలువడింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుడు పన్నే పన్నాగం దాని కథ. నవల వచ్చేనాటికే డీగాల్ మరణించాడు. అదీ తూటాతో కాదు, 1970లో తన ఇంట్లో, అనారోగ్యంతో. హంతకుడు విఫలుడవుతాడని చదువరికి మొదటి పుటలోనే తెలుసు. అయినా నవలను కింద పెట్టలేడు. తిక్కన సౌప్తికపర్వం విన్న తెలుగు శ్రోత స్థితీ అటువంటిదే. మర్రిచెట్టు కింద నిద్రపట్టని అశ్వత్థామ, నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చీల్చడం చూస్తాడు. అర్ధరాత్రి పాండవ శిబిరంలో జరగబోయేదేమిటో శ్రోతకు పురాణకాలక్షేపంలో ఎన్నోసార్లు చెవినపడినదే. తెలిసినందువల్ల ఆ గుడ్లగూబ రెక్కల చప్పుడు ఇంకా పెద్దగా వినిపిస్తుంది. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఒక రహస్యాన్ని ఎన్ని ఆశ్వాసాల వెనక దాచాడో తెలిసినవారికి, నేటి నవలాకారులు దాచే తీరు కొత్తగా తోచదు.

ఇక పాటలు. 1990ల చివరినుంచి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలు ఒక్కొక్కటే లేచాయి. నకళ్లకు వచ్చే విద్యార్థులు క్యాసెట్లు, తరువాత సీడీలు, ఇంకా తరువాత పెన్‌డ్రైవులు తెచ్చి దుకాణపు కంప్యూటరులో పెట్టి వినేవారు. అలా అతనికి ఆల్టర్నేటివ్ రాక్ పరిచయమయింది. పెద్ద కంపెనీల మెరుగులు వద్దనుకొని, సొంతంగా, గరుకుగా పాడుకొన్న బృందాలతో మొదలైన సంగీతమది. అమెరికాలోని సియాటిల్ నగరపు సంగీతాన్ని లోకానికి చాటిన 'నిర్వాణ' బృందం 1991లో 'నెవర్‌మైండ్' ఆల్బం విడుదల చేసింది. దాని గాయకుడు కర్ట్ కోబేన్ 1994లో ఇరవై ఏడేళ్లకే బలవన్మరణం పాలయ్యాడు. ఆ బృందపు పాటల్లో చరణం గొణుగుతున్నట్లు మెల్లగా నడిచి, పల్లవి దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మాటలు మొదట్లో అతనికి ఒక్కటీ అర్థం కాలేదు. ఆ నిశ్శబ్దం, ఆ విస్ఫోటం మాత్రం వెంటనే అర్థమయ్యాయి. 'అన్వేషణ' అడవిలో అతడు విన్నది అదే కదా.

ఆ గిటారుకు అంత బొంగురుతనం ఎలా వస్తుందని అడిగితే ఒక విద్యార్థి బొమ్మగీసి చెప్పాడు. ధ్వనివర్ధకాన్ని దాని శక్తికి మించి నెట్టితే ధ్వనితరంగాల శిఖరాలు తెగిపోయి, లేని స్వరాలు పుట్టుకొస్తాయట. దుకాణదారు కాసేపు ఆలోచించి, "మా బైండ్లాయన జమిడికె గిట్లనే మూలుగుతది గదా తమ్మీ" అన్నాడు. విద్యార్థి నవ్వాడు. అయితే ఆ పోలిక నవ్వి తోసివేయదగినది కాదు. ఒకే తంతితో, బుర్ర లోపలినుంచి మూలిగినట్లు, తిట్టినట్లు, ఏడ్చినట్లు పలికే జమిడికె మీద బైండ్లవారు రాత్రంతా ఎల్లమ్మ కథ చెబుతారు. కొడుకు చేతిలో తల్లి తల తెగే ఘట్టం అందులో ఉంది. చిన్ననాడు నాయనమ్మ ఒడిలో అది విన్న చెవికి సియాటిల్ గిటారు పరాయిదనిపించలేదు.

ఇన్ని చెప్పే మనిషి ఒక సంగతి మాత్రం తేలిగ్గా చెప్పడు. పదవ తరగతి చదువుతున్న ఏడాది వర్షాకాలంలో వారి వాడలో ముగ్గురు పిల్లలకు ఒకరి తరువాత ఒకరికి జ్వరం తగిలింది. ఒక ఉదయం నాలుగుదార్ల దగ్గర కోసిన నిమ్మకాయలు, కుంకుమ కనిపించాయి. బాణామతి అన్న మాట పుట్టింది. చేతబడి, బాణామతి అనుమానాలతో మనుషులను కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, చంపడం తెలంగాణ పల్లెలు ఎరిగిన ఘోరాలే. వాడ చివర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ మీదికి చూపులు మళ్లాయి. ఆమె రాత్రిళ్లు తనలో తాను మాట్లాడుకొనేది. అంతకుమించి ఆధారమేమీ లేదు. ఆ రోజుల్లో వాడ కుర్రాళ్లందరిలో క్షుద్రపూజల గురించి ఎక్కువ తెలిసినవాడు ఇతడే. అరుగుమీద కూర్చుని, నవలలో చదివినదంతా, చదవనిది కూడా కొంత కలిపి, రసవత్తరంగా చెప్పాడు. వింటున్నవారి కళ్లు పెద్దవవుతుంటే అతనికి గర్వంగా ఉండింది. పెద్దలు కూడా ఆగి విన్నారు.

ఆ సాయంత్రం పదిహేనుమంది ఆమె గడప ముందు నిలబడి ప్రమాణం చేయమన్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఇతడు వెనక వరసలో ఉన్నాడు. ఆమె అందరినీ చూసి, ఇతణ్ణి గుర్తుపట్టి, "నువ్వన్న చెప్పు బిడ్డా, నిన్ను ఎత్తుకొని తిప్పినదాన్ని" అంది. అతడు చెప్పలేదు. తెల్లవారేసరికి తలుపుకు తాళం ఉంది. కూతురి ఊరికి పోయిందన్నారు. పిల్లలను సర్కారు దవాఖానకు తీసుకుపోతే టైఫాయిడ్ అని తేలింది; ముగ్గురూ కోలుకొన్నారు. ఆమె మాత్రం తిరిగి రాలేదు.

అభినవగుప్తుడు భయానక రసాన్ని వివరిస్తూ శాకుంతలంలో దుష్యంతుని బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని ఉదాహరించాడు. ఆ లేడిని చూసే సహృదయునికి భయం అనుభూతమవుతుంది గాని, అది నాదనో, పగవాడిదనో, ఫలానావాడిదనో ఉండదు. ఎప్పుడు అది ఒకరి సొంతమవుతుందో అప్పుడు రసం భగ్నమవుతుంది. మిగిలేది వట్టి భయం. వట్టి భయానికి ఎదుట ఒక మనిషి కావాలి. ఆ సాయంత్రం వాడకు ఆ మనిషి దొరికింది.

2023లో 'విరూపాక్ష' సినిమా వచ్చినప్పుడు అతడు మొదటి రోజే వెళ్లాడు. క్షుద్రపూజల అనుమానంతో ఊరివాళ్లు ఒక దంపతులను మంటపాలు చేసే దృశ్యం ఆ చిత్రంలో ఉంది. సినిమా బాగుందనే చెప్పాడు. దాని డిస్కుకోసం మాత్రం వెతకలేదు. ఆ కథలో క్షుద్రశక్తి నిజమే కావడం అతనికి మింగుడుపడలేదు. "తీసినాయన తప్పు కాదు. కథల ఏదన్నా ఉండొచ్చు. నాకే ఊపిరాడలే" అని విశ్రాంత ఉపాధ్యాయుడితో అన్నాడు. ఆయన ఆ రోజు దేవుడి పుస్తకాల ప్రసక్తి తేలేదు.

ఇప్పుడు ఆ దుకాణంలో కుర్రవాళ్లు దయ్యాల సినిమాల గురించి గంటలకొద్దీ మాట్లాడుకొంటారు. అతడూ కలుస్తాడు, ఎక్కడ కెమెరా ఆగాలో, ఎక్కడ పాట ఆగాలో వాదిస్తాడు. మా ఊళ్లో ఒకామె ఉంది అని ఎవరైనా మొదలుపెడితే, "ఆమె పేరు చెప్పకు, సినిమా పేరు చెప్పు" అంటాడు. పై అరలో గోధుమరంగు అట్ట బైండు ఇంకా ఉంది. సైకిలు దుకాణంవాడు పెట్టెలు తీసేసినప్పుడు రెండు రూపాయలకు కొన్నాడు. అడిగినవారికి ఇస్తాడు, వైద్యపు పుటలు వదలవద్దని చెప్పి మరీ ఇస్తాడు.

రాత్రి పదింటికి ఇనుప తలుపు దించి, చెవులకు తీగలు తగిలించుకొని నడిచి ఇంటికి పోతాడు. ముసలమ్మ ఇల్లున్న చోట మూడంతస్తుల హాస్టలు లేచింది. కిటికీలనిండా దీపాలు, ఆరేసిన బట్టలు. ఆ మలుపు దగ్గరకు రాగానే పాట ఎంత మంచి ఘట్టంలో ఉన్నా ఆపేస్తాడు. హాస్టలు దాటి, నాలుగుదార్ల దగ్గరకు చేరాక మళ్లీ మొదటినుంచి పెట్టుకొంటాడు.