మూడు సీసాలు

మేం పాడేరు ఏజెన్సీలో ఒకే ఊరి నుంచి హాస్టల్‌కి వచ్చిన ముగ్గురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన వానాకాలం మాకు వరసకి తమ్ముడయ్యే నాలుగేళ్ల పిల్లోడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం. సెలైన్లు ఎక్కాక కోలుకున్నాడు. ఆసుపత్రిలో ఒకాయన "మీరు ఆ కొండ నీళ్లే తాగుతారు, చెప్పినా వినరు" అన్నాడు. తల దించుకుని నిలబడ్డాం. ఇంటికొచ్చి అదే మాట మేం తాతతో అన్నాం. తాతకి కోపం వచ్చింది. "పెద్దలు మొక్కిన ఊట అది. నాలుగు అక్షరాలు సదివేసరికి మీకు మురికైపోయిందేటి?" అన్నాడు. మాకు జవాబు లేదు.

దసరా సెలవులకి వెళ్లేటప్పుడు కాలేజీలో సార్‌ని అడిగి మూడు హెచ్‌టూఎస్ సీసాలు తీసుకెళ్లాం. ఇది చిన్న పరీక్షే. లోపల మందు ఉంటుంది. చెయ్యి తగలకుండా గీత దాకా నీళ్లు పట్టి, మూత పెట్టి, 24 నుంచి 48 గంటలు వెచ్చగా ఉంచాలి. నీళ్లు నల్లబడితే మలం నుంచి వచ్చే క్రిములు కలిసి ఉండొచ్చని అర్థం.

ఒక సీసాలో ఊట పుట్టే చోట పట్టాం. రెండోదాంట్లో ఊట నుంచి పైపు వచ్చి పడే సిమెంటు ట్యాంకు నీళ్లు. మూడోది ఇంట్లో బిందెది. రెండో రోజు సాయంత్రానికి ట్యాంకు సీసా, బిందె సీసా బొగ్గులా నల్లబడ్డాయి. ఊట సీసా మాత్రం అలాగే ఉంది.

తాత ఆ సీసాని ఎండకి ఎత్తి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే మాకంటే ముందు పైపు వెంట బయల్దేరాడు.

పైపు రెండు చోట్ల పగిలి ఉంది. ఒకటి పశువులు పడుకునే బురదలో. నీళ్లు ఆగినప్పుడల్లా ఆ పగులులోంచి బురద నీరు లోపలికి పోతుంది. ట్యాంకుకి మూత లేదు, అడుగున కుళ్లిన ఆకులు. ఇంట్లో బిందెలోకి గ్లాసుతో పాటు మా వేళ్లూ మునుగుతున్నాయి.

ఒక్కసారి సీసా నల్లబడలేదని ఊట ఎప్పటికీ మంచిదే అనుకోకూడదు. వానల్లో మళ్లీ చూడాలి. తాగే నీళ్లకి మన దేశంలో ఉన్న ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి అనే క్రిమి అసలు కనపడకూడదు. ఆ లెక్క ల్యాబులోనే తేలుతుంది, మన సీసా హెచ్చరిక వరకే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష నేర్పాలని ఉంది. మీ ఊళ్లో నేర్పారా? అడగండి.

మా చేతిలో ఉన్నది చేశాం. ట్యాంకు కడిగి, బ్లీచింగ్ వేసి, రేకు మూత పెట్టాం. చిన్నపిల్లల ఇళ్లల్లో నీళ్లు కళపెళా మరిగాక ఇంకో నిమిషం ఉంచి దించుతున్నారు. అమ్మమ్మ అటక మీద పడేసిన పొడవు కాడ ఆనపబుర్రని దించింది. దానితో ముంచితే వేళ్లు తడవవు. గ్లాసులు వచ్చాక మనమే దాన్ని మర్చిపోయాం.

పైపు మార్చడం మా వల్ల కాదు. నల్లబడిన సీసాల ఫొటోలు పెట్టి, తాత వేలిముద్రతో మండల కేంద్రంలో అర్జీ ఇచ్చాం. ఇంకా ఎవరూ రాలేదు. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తాం.

మీరూ ఊరెళ్లేటప్పుడు సీసాలు పట్టుకెళ్లండి. ఒకటి కాదు, మూడు. ఒక్క సీసాతో వెళ్తే మన నీళ్లు చెడ్డవి అని మాత్రమే తెలుస్తుంది. మూడింటితో వెళ్తే ఎక్కడ చెడుతున్నాయో తెలుస్తుంది. అప్పుడు తల దించుకోనక్కర్లేదు, ఆ చోటు వేలుపెట్టి చూపించొచ్చు.