నొప్పి తెలియని కాలికి చెప్పు

నాన్న చెప్పులో గులకరాయి ఉందని రాత్రి అమ్మ చూసేదాకా ఎవరికీ తెలీదు. పొద్దున సంతలో దూరినట్టుంది. రోజంతా దాని మీదే నడిచాడు. ఇరవై ఏళ్ల షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారిపోయాయి. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మానాక డాక్టరుగారు గట్టిగా చెప్పారు: "ఇక బజారు చెప్పులు వద్దు. కొలతలిచ్చి కుట్టించండి."

అలా చిత్తూరు నుంచి వేలూరు దగ్గరున్న ఓ ఆస్పత్రికి వెళ్లాం. వెనకవైపు రేకుల షెడ్డులో చెప్పులు కుట్టే చోటు. గుమ్మంలోనే రబ్బరు, సొల్యూషన్ కలిసిన వాసన. పనిచేసే పెద్దాయన తెలుగులో కాస్త అరవ యాస ఉంది. "కూర్చోండయ్యా" అని నాన్నని బల్ల మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. టేపు జోలికి పోలేదు. వేళ్ల సందులు, మడమ అంచులు, పాత మచ్చ, అన్నీ నిదానంగా తడిమి చూశాడు. తర్వాత సన్నటి నైలాన్ పోగు ఒకటి తీశాడు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగది. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా 'ఆఁ' అనమన్నాడు. పది చోట్ల తాకిస్తే నాన్న నాలుగుసార్లే 'ఆఁ' అన్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది.

తర్వాత సిరా పూసిన రబ్బరు పరుపు కింద కాగితం పెట్టి, పైన నడవమన్నాడు. కాగితం మీద పడ్డ అడుగులో బొటనవేలి మొదట్లో చిక్కటి నలుపు. "బరువంతా ఇక్కడే పడతా ఉందయ్యా. ఆ రాయి చేసిన పుండూ ఇక్కడే" అన్నాడు. చెప్పు లోపలి మెత్తను సరిగ్గా ఆ చోటనే పల్చన చేస్తాడట.

ఆ మెత్తని అందరూ ఎంసీఆర్ అంటారు, మైక్రో సెల్యులార్ రబ్బరు. లోపలంతా సన్నని గాలి గదులు. రెండు వేళ్ల మధ్య నొక్కితే దాదాపు సగానికి అణిగి, వదిలితే మళ్లీ లేస్తుంది. లేవకపోతే ఆ చెప్పు పని అయిపోయినట్టే. దాని కింద గట్టి రబ్బరు, ముల్లు దిగకుండా. మేకు ఒక్కటీ ఉండదు, అంతా కుట్టూ అతుకే. మడమ వెనక పట్టీ తప్పనిసరి, మొద్దుబారిన కాలికి చెప్పు జారినా తెలియదు కాబట్టి.

ఈ చెప్పు పుట్టింది కుష్ఠు రోగుల కోసం. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, వాళ్ల వేళ్లు రోగం తినేయడం వల్ల కాక, నొప్పి తెలియక తగిలిన దెబ్బల వల్ల పోతున్నాయని గమనించారు. మెత్తని చెప్పు కోసం వేలూరులోనూ, పక్కనే ఉన్న కరిగిరిలోనూ ఏళ్ల తరబడి ప్రయత్నాలు జరిగాయి. ఆ శ్రమే ఇవాళ మా నాన్న కాలిని కాస్తోంది. మొదట ఆయన జంకాడు, "ఊళ్లో వాళ్లు ఆ రోగమనుకుంటే?" అని. అనుకోనీ. ఆ రోగానికి మందుంది, నయమవుతుంది. తెగిన కాలు మళ్లీ రాదు.

వారం తర్వాత చెప్పులు తెచ్చుకున్నాం. మొదటి రోజు అరగంటే వేసుకోమన్నాడు పెద్దాయన. విప్పాక ఎక్కడైనా ఎర్రగా కందితే వెనక్కి తెమ్మన్నాడు. చిటికెనవేలి పక్కన కందింది. తీసుకెళ్తే పది నిమిషాల్లో పట్టీ సడలించి ఇచ్చాడు.

మీ ఇంట్లో ఏళ్లనాటి షుగర్ ఉన్నవాళ్లుంటే, ఈ రాత్రే వాళ్ల అరికాళ్లు చూడండి. చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. మన ప్రభుత్వాలకీ ఒక విన్నపం: ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఇలాంటి ఒక షెడ్డు, ఇలాంటి ఒక పనివాడు ఉండాలి. చెప్పుల కోసం రాష్ట్రం దాటాల్సి రాకూడదు.