ఖాళీ బోర్డు కోసం కోఠీలో ఒక రోజు

ఆఫీసులో నా కోడ్ తప్పితే ఒక టికెట్ వస్తుంది. సరిచేసి, టీ తాగి, మర్చిపోతాను. ఆ డిసెంబరులో మా ఊళ్లో నా కోడ్ తప్పింది. 112 కోడిపిల్లలు చచ్చిపోయాయి.

గజ్వేల్ దగ్గర మా బాపుకు చిన్న కోళ్ల షెడ్డు ఉంది. పిల్లల్ని కంపెనీ ఇస్తుంది, పెంచే పని మాది. బ్యాచ్ దిగిన మొదటి వారం వాటికి 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. చలి రాత్రి కరెంటు పోయి బల్బులు ఆరితే పిల్లలన్నీ ఒక మూలకు చేరతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద ఉన్నవి ఊపిరాడక పోతాయి. అందుకే ఆ వారమంతా బాపు రాత్రికి మూడుసార్లు లేచి, టార్చిలైటు పట్టుకుని షెడ్డుకు పోయి వస్తాడు. ఆయనకు అరవై దాటాయి.

"ఇగ నువ్వు పండుకో బాపూ, వేడి తగ్గితే నీకు ఫోన్ వస్తది" అన్నాను గొప్పగా. ఆర్డుయినో యూనో బోర్డు, డీహెచ్‌టీ22 సెన్సర్, ఒక జీఎస్ఎం మాడ్యూల్, చిన్న బజర్, బ్యాటరీ. అన్నిటినీ బ్రెడ్‌బోర్డు మీద జంపర్ వైర్లతో కలిపాను. వేడి 30 డిగ్రీల కంటే తగ్గితే కాల్ వెళ్తుంది. కొండాపూర్‌లో నా టేబుల్ మీద వారం రోజులు చక్కగా పనిచేసింది.

షెడ్డు నా టేబుల్ కాదు కదా. మూడో రోజు ఊక సర్దుతుంటే డబ్బా కదిలి, సెన్సర్ వైరు ఒకటి ఊడింది. ఆ రాత్రి కరెంటు పోయింది. ఫోన్ మోగలేదు. నా మాట నమ్మి బాపు కూడా లేవలేదు.

"నీ మిషిని మోగలే బిడ్డా" అన్నాడు పొద్దున్నే ఫోన్లో. అంతే. తిట్టినా బాగుండేది.

వైరు ఊడిందని తెలిశాక కోడ్ తెరిచి చూసుకున్నాను. సెన్సర్ నుంచి జవాబు రాకపోతే లైబ్రరీ 'నాన్' అని ఇస్తుంది, అంటే అది సంఖ్యే కాదని అర్థం. దాన్ని "30 కంటే తక్కువా?" అని అడిగితే కంప్యూటర్ ఎప్పుడూ "కాదు" అనే అంటుంది. కాబట్టి నా ప్రోగ్రామ్ దృష్టిలో ఆ రాత్రంతా షెడ్డు వెచ్చగానే ఉంది. వైరు ఊడితే ఏమవుతుందని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కోడ్ మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మూడుసార్లు వరసగా జవాబు రాకపోతే అప్పుడూ కాల్ వెళ్లాలని రాశాను. కానీ వైర్ల సంగతి? బ్రెడ్‌బోర్డులో వైరు ఊరికే గుచ్చుకుని ఉంటుంది. గట్టిగా నిలవాలంటే సోల్డర్ చేయాలి. దానికి ప్రోటో షీల్డ్ కావాలి. అంటే యూనో మీద టోపీలా కూర్చునే, నిండా చిల్లులున్న ఖాళీ బోర్డు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకటి స్టాక్ లేదు, ఇంకోటి ఆర్డుయినో మెగా సైజుది, దొరికినదానికి డెలివరీ ఐదు రోజులు. బాపుకు ఇంకా నాలుగు చలి రాత్రులు మిగిలున్నాయి.

శనివారం పొద్దున్నే యూనోను జేబులో వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి పోయాను. మొదటి షాపులో ప్రోటో షీల్డ్ అంటే సెన్సర్ షీల్డ్ చేతిలో పెట్టాడు. దానికీ మళ్లీ జంపర్ వైర్లే గుచ్చాలి. రెండో షాపులో "అదెందుకు, ఇది తీసుకో" అని మామూలు జీరో పీసీబీ ఇచ్చాడు. అది యూనో మీద కూర్చోదు. పిన్నుల మధ్య దూరం అంతటా 2.54 మిల్లీమీటర్లే కానీ, 7, 8 పిన్నుల మధ్య మాత్రం 4.06 ఉంటుంది. తొలి ఆర్డుయినోల డిజైన్‌లో దొర్లిన పొరపాటని, అప్పటికే దానికి సరిపడే షీల్డులు వచ్చేయడంతో అలాగే ఉంచేశారని చెప్తారు. పాత తప్పును మోసుకుంటూ తిరగడం సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొత్తేం కాదులెండి. కానీ ఆ రోజు మాత్రం ఆ ఒకటిన్నర మిల్లీమీటరు మీద చాలా కోపం వచ్చింది.

ఐదో షాపులో ఒక పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, "క్యా బనారే బేటా?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. కోడిపిల్లల సంగతంతా చెప్పాను. నా చేతిలోంచి యూనో తీసుకుని, "కిత్నే పిన్ హోనా?" అన్నారు.

లెక్కపెట్టాను. సెన్సర్‌కు ఒకటి, జీఎస్ఎంకు రెండు, బజర్‌కు ఒకటి. నాలుగే! ఏదో వీడియో చూసి వాటిని 8 నుంచి 11 వరకు పెట్టుకున్నాను. "మరి ఆ వైపు వదిలెయ్. అన్నీ ఇటు మార్చుకో" అంటూ జీరో పీసీబీని యూనో మీద ఆనించి చూపించారు. 0 నుంచి 7 వరకు ఉన్న వరస, ఎదురుగా పవర్, అనలాగ్ వరసలు చిల్లులకు సరిగ్గా సరిపోయాయి. వంకరంతా 8 నుంచి అటువైపే. నేను రెండు రోజులుగా బోర్డు కోసం వెతుకుతున్నాను గానీ, నాకేం కావాలో లెక్కపెట్టుకోలేదు.

"రెండు దిక్కులా రాగి ఉన్నది తీసుకో. లేకపోతే కింది వైపు పిన్నులు పెట్టి సోల్డర్ చేయలేవు" అని కూడా చెప్పారు. బోర్డు, బెర్గ్ స్ట్రిప్పులు, సెన్సర్ వైరు బిగించడానికి స్క్రూ టెర్మినల్, అన్నీ కలిపి 140 రూపాయలు.

ఆ రాత్రి రెండింటి దాకా సోల్డరింగ్ చేశాను. మల్టీమీటర్‌తో ఒక్కో అతుకూ చూసుకున్నాను, రెండు పట్టుకోలేదు. వాటిని మళ్లీ కరిగించి అతికాను. కోడ్‌లో నాలుగు పిన్ నంబర్లు మార్చాను. ఆదివారం తెల్లారగానే జేబీఎస్‌లో బస్సెక్కాను.

మీరూ ఇలాంటి బోర్డు వెతుకుతుంటే ముందు మీకు కావాల్సిన పిన్నులు లెక్కపెట్టుకోండి. షాపుకు మీ బోర్డు పట్టుకెళ్లండి. రాస్ప్‌బెరీ పై అయితే 40 పిన్నులూ రెండు తిన్నటి వరసల్లో ఉంటాయి కాబట్టి జీరో పీసీబీ నేరుగా సరిపోతుంది. కానీ దాని సిగ్నల్ పిన్నులు 3.3 వోల్టులకే, 5 వోల్టులు తగిలిస్తే పాడైపోతుంది.

షెడ్డులో డబ్బా బిగించాక బాపు దాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు. తర్వాత నన్ను అడగకుండానే స్క్రూ వదులుచేసి సెన్సర్ వైరు పీకేశాడు. నిమిషంలోపే ఆయన జేబులో ఫోన్ మోగింది. ఏమీ అనకుండా వైరు మళ్లీ బిగించాడు. 112 పిల్లల నష్టం ఆ బ్యాచ్ డబ్బుల్లో కోత పడింది. నేనిస్తానంటే తీసుకోలేదు.

ఆ నాలుగు రాత్రులూ మూడుసార్లు లేచాడట. సంక్రాంతి తర్వాత కొత్త బ్యాచ్ దిగింది. మొన్న అమ్మ ఫోన్ చేసి అది చెప్పీ ఇది చెప్పీ చివర్లో అంది: "మీ బాపు ఇప్పుడు రాత్రి ఒక్కసారే లేస్తుండు."