ఏటికి ఎదురు నడిస్తే భూగర్భం

ఇటలీ దేశపు ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల నడుమ సేసియా లోయ ఉన్నది. మోంటే రోసా మంచు శిఖరాల నుండి దిగివచ్చే సేసియా నది దానిగుండా ప్రవహిస్తుంది. ఆ ఏటికి ఎదురుగా పైకి సాగేకొద్దీ మనిషి నిజానికి భూమి లోతులలోకి దిగుతుంటాడు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది వాస్తవం. ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి వద్దకు వెళ్ళినప్పుడు, ఇంటర్మీడియట్ పూర్తి చేసిన మా అమ్మాయి పట్టుబట్టి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళింది.

ఆ పట్టుదలకు కారణం ఉన్నది. మేము ఇంజినీరింగ్ సీటు గురించి ఆలోచిస్తుంటే, ఆమె భూగర్భశాస్త్రం చదువుతానంటున్నది. "ఆడపిల్ల కొండలూ గుట్టలూ తిరిగే చదువేమిటి?" అన్నది పిల్లల దాదీ అభ్యంతరం. దరఖాస్తుల సమయం దగ్గరపడుతున్నది. నిర్ణయించవలసినది మేమిద్దరమే.

సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితం ఈ ప్రాంతంలో ఒక మహా అగ్నిపర్వతం ఉండేది. అది బద్దలైనప్పుడు 300 ఘన కిలోమీటర్లకు పైగా పదార్థం వెలువడిందని శాస్త్రజ్ఞుల అంచనా. అడుగున శిలాద్రవం ఖాళీ కావడంతో పైనున్న నేల కుంగి, 13 కిలోమీటర్లకు మించిన వెడల్పుతో పెద్ద గుంట ఏర్పడింది. దీనినే కాల్డెరా అంటారు. సాధారణంగా అగ్నిపర్వతం నోరు మాత్రమే మనకు కనబడుతుంది, దాని కడుపు కనబడదు. ఇక్కడ మాత్రం ఆఫ్రికా, ఐరోపా భూఫలకాలు ఢీకొని ఆల్ప్స్ లేచినప్పుడు భూమి పైపొర పక్కకు ఒరిగింది. రొట్టెల దొంతర ఒరిగితే అడుగు రొట్టె కూడా కంటపడినట్లు, 25 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న శిలలు బయటపడ్డాయి.

బోర్గోసేసియా వైపు వేడి బూడిద గట్టిపడగా ఏర్పడిన రాళ్ళు, వాటిలో చిక్కుకున్న రాతిముక్కలు కనిపించాయి. వరాల్లో పట్టణం సమీపిస్తుండగా గ్రానైట్ వచ్చింది. అది పైకి ఉబకక నేల లోపలే నిదానంగా చల్లారిన శిలాద్రవం. ఇంకా పైకి వెళితే నల్లని, బరువైన గాబ్రో. బల్ముచ్చా గ్రామం వద్ద పెరిడోటైట్ ఉన్నది. అది భూమి పైపొరకు అడుగున ఉండే మాంటిల్‌కు చెందిన రాయి. పైన తుప్పురంగు, విరిగిన చోట పచ్చదనం.

ఈ శిలలన్నీ అక్కడి ప్రజలు తరతరాలుగా చూస్తున్నవే. అవన్నీ ఒకే అగ్నిపర్వత వ్యవస్థకు చెందినవని జేమ్స్ క్విక్, సిల్వానో సినిగోయి ప్రభృతులు ఏళ్ళ తరబడి కాలినడకన పరిశీలించి 2009లో ప్రకటించారు. ఒడ్డున జొహర్ నమాజు ముగించుకుని కూర్చున్నప్పుడు అమ్మాయి ఈ సంగతి చెప్పింది.

"బేటీ, ఎండలో తిరగాలి, ఇల్లు విడిచి రోజుల తరబడి ఉండాలి. చేయగలవా?" అని అడిగాము.

"తోటి అమ్మాయిలూ, అధ్యాపకులూ ఉంటారు అబ్బూ. అమ్మీ, మన గోల్కొండ చుట్టూ ఉన్న బండలు ఇక్కడి గ్రానైట్ కంటే ఎనిమిది రెట్లకు పైగా వయసున్నవి. దాదాపు 250 కోట్ల ఏళ్ళవి. మనం వాటి మధ్యనే పుట్టి పెరిగాం. వాటి సంగతి తెలుసుకోవాలని ఉంది" అన్నది.

అందులో మొండితనం లేదు, గొప్ప చూపుకోవాలన్న తపన కూడా లేదు. ఇంజినీరింగ్ పట్ల మాకున్న మొగ్గు మా భయం నుండి వచ్చింది. ఆమె కోరిక ఆమె చూపు నుండి వచ్చింది. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాము. వసతి గృహం, ప్రయాణ ఖర్చులు, చదువయ్యాక ఉద్యోగావకాశాలు అన్నీ తూకం వేసుకున్నాము. తిరిగి వచ్చాక దరఖాస్తులో భూగర్భశాస్త్రాన్నే మొదటి ఐచ్ఛికంగా వ్రాయించాము.

దాదీ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే మొన్న మనుమరాలిని పిలిచి, "మన బండల వయసు అంతని ఎలా చెబుతారమ్మా?" అని అడిగారు. ఆ జవాబు గంటసేపు సాగింది.