పొలిమేర దాటిన మార్కులు

విద్యకు ఎల్లలు లేవని పెద్దలు అంటారు. విద్యాలయాలలోని సీట్లకు మాత్రం ఎల్లలు ఉన్నాయి. ఆ సంగతి మేము పద్దెనిమిదవ ఏట తెలుసుకున్నాము. పరరాష్ట్రాలలో చదువుకోదలచిన మన విద్యార్థులకూ, మన గడప తొక్కే పొరుగు రాష్ట్రాల పిల్లలను చేర్చుకొనే పెద్దలకూ ఉపకరిస్తుందన్న తలంపుతో ఆ అనుభవాన్ని ఇక్కడ నివేదిస్తున్నాము.

మాది చిత్తూరు జిల్లా నగరి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో తమిళం. మా దాదాగారు పుట్టిననాటికి నగరీ, చెన్నపట్టణమూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1960 ఏప్రిల్ 1న మా పొరుగున ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరిపోయింది. మా మేనమామగారి ఇల్లు అక్కడే. పండుగనాడు నగరిలో నమాజు చదివి, మధ్యాహ్న భోజనానికి తిరుత్తణిలో ఉండేవాళ్లము. అయినా ప్రభుత్వపు లెక్కలో మేము వేరు, వారు వేరు.

2008లో ఇంటర్మీడియట్‌లో మాకు 1000కి 871 మార్కులు వచ్చాయి. చెన్నైలోని ఒక ప్రభుత్వ కళాశాలలో బి.ఏ. చరిత్ర చదవాలని మా కోరిక. అక్కడ పోటీ ఎక్కువ, ఫీజు తక్కువ. దర్జీపని మీద ఇల్లు నడిపే మా అబ్బాజాన్‌కు ఆ రెండవ మాటే ముఖ్యం. తెల్లవారుజామున ఏకాంబరకుప్పం స్టేషనులో రైలెక్కి, అరక్కోణం మీదుగా వెళ్లి దరఖాస్తు ఇచ్చాము.

మొదటి దెబ్బ ధ్రువపత్రం వద్ద తగిలింది. 2007లో మన రాష్ట్రం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ పేరిట 4 శాతం సీట్లు కేటాయించింది. అదే ఏడు తమిళనాడు 3.5 శాతం కేటాయించింది. షేక్ అన్న పేరు ఆ రెండు జాబితాలలోనూ ఉంది. అయినా అక్కడి రిజర్వేషను అక్కడివారికే. ఆ రాష్ట్రపు రిజర్వేషన్లు 69 శాతం పోగా మిగిలిన 31 శాతంలోనే, అన్ని వర్గాల మెరికలతోపాటు మేమూ పోటీపడాలి. గుమాస్తా మా పత్రాన్ని మర్యాదగానే తిరిగి ఇచ్చాడు. ఇది ఏ ఒక్క కళాశాల నిర్దయా కాదని తరువాత తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఒక తెలుగు విద్యార్థి బొంబాయి వైద్య కళాశాల ప్రవేశంలో ఆ హోదాను కోరినప్పుడు, వలస వెళ్లిన రాష్ట్రంలో అది వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మొదటి జాబితాలో మా పేరు లేదు. ఆ రాత్రి తిరుత్తణిలో మామూ ఒక ఉపాయం చెప్పారు. "దూలాభాయ్, మా ఇంటి చిరునామా మీద నివాస పత్రం తీసుకుందాం. ఐదేళ్లుగా వీడు మా దగ్గరే ఉన్నాడని నేను రాసిస్తాను. ఎవరు చూడొచ్చారు?"

మేము మౌనంగా ఉన్నాము. నిజం చెప్పాలంటే మాకు ఆశ కలిగింది. అబ్బాజాన్ చాలాసేపు ఆలోచించారు. "కొలత తప్పితే ఎంత బాగా కుట్టినా చొక్కా ఒంటికి కుదరదు. వీడి చదువు అబద్ధంతో మొదలుకావద్దు. రేపు వెళ్లి, పేరు ఎందుకు రాలేదో అడుగుదాం" అన్నారు.

మరునాడు జాబితా ముందు నిలబడి ఒక్కొక్క పేరూ చదివాము. అందరి మార్కులూ వెయ్యి దాటి ఉన్నాయి. వెయ్యికి పరీక్ష రాసిన మాకు అది విడ్డూరంగా తోచి పక్కనున్న కుర్రవాణ్ణి అడిగితే, తమ ప్లస్ టూ పరీక్ష 1200 మార్కులకని చెప్పాడు. చివరి పేరు ఎదుట 1012 ఉంది. మా 871ని మార్చకుండానే ఆ వరుసలో నిలబెట్టారన్నమాట! 1200కు లెక్కగడితే అది 1045.

అబ్బాజాన్ తనకు వచ్చిన తమిళంలోనే సూపరింటెండెంటుగారికి విన్నవించారు. ఆయన దరఖాస్తు తెప్పించి, అంచున పెన్సిలుతో లెక్క వేసి, "పొరపాటు మాదే" అన్నారు. రెండవ జాబితాలో మా పేరు వచ్చింది. బోర్డు నుంచి మైగ్రేషన్ పత్రం, విశ్వవిద్యాలయం నుంచి అర్హతాపత్రం తెచ్చుకొని చేరాము. మామూ చెప్పిన దారిన వెళ్లి ఉంటే ఒకవేళ సీటు దొరికేదేమో. కానీ ఆ మూడేళ్లూ ఏ కాగితం ఎప్పుడు బయటపడుతుందో అన్న భయంతోనే తరగతిలో కూర్చునేవాళ్లము.

గత జూన్‌లో కర్ణాటకలోని పావగడ నుంచి ఒక బాలిక తండ్రితో మన కళాశాలకు వచ్చింది. అక్కడి 2బి ధ్రువపత్రం ఇక్కడ చెల్లలేదు. అది నియమం, మనం మార్చగలిగింది కాదు. అయితే మన దరఖాస్తులో మార్కుల గడి వెయ్యికే ఉంది. ఆమె అందులో 534 అని రాసింది. "తక్కువ వచ్చాయమ్మా" అన్న మాట విని తండ్రీకూతుళ్లు మెట్లు దిగుతున్నారు. మేము పిలిచి మార్కుల పత్రం చూశాము. వారి పి.యు.సి. 600 మార్కులకు. వెయ్యికి లెక్క వేస్తే 890! ఆ బాలిక ఇప్పుడు మన మొదటి సంవత్సరం తరగతిలో ఉంది. మేము ఆ సమయంలో అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ సిగ్గుగా ఉంటుంది.

కార్యవర్గ సభ్యులకు మా మనవి ఇది. వచ్చే ఏటి దరఖాస్తులో "ఎన్నింటికి ఎన్ని మార్కులు" అన్న గడి చేర్పించండి. పరరాష్ట్ర విద్యార్థులు తేవలసిన పత్రాల జాబితాను తెలుగులోనూ, ఉర్దూలోనూ గోడకు అంటించండి. ప్రవేశాల రోజులలో వారి సందేహాలు తీర్చడానికి ఒక అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టండి. ఆ పని మాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాము.

విద్యార్థులారా! 2014 నాటి పునర్విభజన చట్టం పాత ప్రవేశ కోటాలను పదేళ్లపాటు నిలిపింది. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసింది. నేడు రాష్ట్ర కళాశాలల విషయంలో హైదరాబాదు సైతం మీకు పొరుగు రాష్ట్రమే. వెళ్లేముందు అక్కడి నియమాలను చదవండి. పత్రాలను ముందే సమకూర్చుకోండి. పేరు రాకపోతే, వెనుదిరిగేముందు ఎందుకు రాలేదో ఒక్కసారి అడగండి.