మాట వినని పేషెంట్లు

డయాలసిస్ సెంటర్లలో నేను ఎక్కువగా విన్న మాట ఒకటే: ‘వీళ్లకి ఎంత చెప్పినా వినరండీ.’ ఉద్దానంలో మా వాడ నుంచి వెళ్లే పేషెంట్లకు మూడేళ్లుగా తోడు వెళ్తున్నాను కాబట్టి చెప్తున్నాను. వాళ్ల కంచం చూసి చెప్పినవాళ్లే లేరు.

‘నీళ్లు తగ్గించు’ అంటారు. మనిషి నీళ్లు మానేసి గంజి తాగుతాడు. గంజీ, అంబలీ, టీ కూడా నీళ్ల లెక్కేనని చెప్పేవాళ్లు ఉండరు. రెండు రోజుల్లో మూడు కిలోలు పెరిగి ఆయాసంతో వస్తాడు. తిట్లు తింటాడు.

కొబ్బరి తోటల్లో కూలి చేసే ఊళ్లు మావి. పలకరించడానికొచ్చిన చుట్టం బోండాం కొట్టి ఇస్తాడు. అందులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ప్రేమగా ఇచ్చిందే ప్రాణం తీస్తుంది.

ఇక కూర సంగతి. డయాలసిస్‌కి ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు. మొదలయ్యాక పెంచాలి, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా. మావాళ్లు పాత మాటే పట్టుకుని కండ కరిగిపోతున్నారు. ‘ఏం తింటావు?’ అనడిగితే ఒక అప్ప తల దించుకుని ‘కాయగూరలే’ అంది. బయటికొచ్చాక ‘పెద్దకూరని సెప్తే ఏటనుకుంతారో బాబూ’ అంది. దాచుకున్న కూరకి చార్టులో చోటెక్కడిది? రోగి నోరు నొక్కింది కులం. పేరు మాత్రం ‘మాట వినదు’ అని.

మేం చేసుకున్నవి చిన్న పనులే. డాక్టరు చెప్పిన కొలతకి పొద్దున్నే సీసా నిండా నీళ్లు పోస్తాం. టీ తాగినా, గంజి తాగినా అన్ని నీళ్లు సీసాలోంచి తీసేస్తాం. సీసా ఖాళీ అయితే ఆ రోజు లెక్క అయిపోయినట్టే. కాయగూరలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తాం. ఫాస్ఫరస్ మాత్ర అన్నంతోపాటే వేస్తాం. తిన్నదాంట్లోని ఫాస్ఫరస్‌ని పట్టుకునే మాత్ర అది, ఖాళీ కడుపున వేసి లాభం లేదు. ‘లో సోడియం’ ఉప్పు ఇంట్లోకి రానివ్వం, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 పింఛను వస్తోంది. అది పోరాడి తెచ్చుకున్న హక్కు. కానీ ఆ డబ్బుతోనే ఇల్లంతా తినాలి, రోగితోపాటు తోడెళ్లినవాళ్ల కూలీ పోతుంది. గుడ్డు కొనాలా, బియ్యం కొనాలా అన్నది వాళ్ల ప్రశ్న.

చార్టు రాసే అమ్మలారా, అయ్యలారా, ఒక్కటే అడుగుతున్నాం. ‘ఏం తినకూడదు’ అనేముందు ‘ఏం తింటావు’ అని అడగండి. జవాబు విన్నాక మొహం చిట్లించకండి.

జై భీమ్.